బొంబాయి రేవులో 1944 నాటి విస్ఫోటము: అగ్నిమాపక శిక్షణలో వార్తకు గల స్థానము

మహారాష్ట్రమందలి తెలుగువారి చరిత్రను వ్రాయువారు సాధారణముగా రెండు స్థలములను ముందుగా పేర్కొందురు. ఒకటి షోలాపురము, రెండవది బొంబాయిలోని కామాఠిపుర. 18వ శతాబ్ది చివరిభాగమున హార్న్‌బీ వెల్లార్డ్ అను కట్ట పూర్తియైన పిదప బొంబాయి దీవుల నడుమనున్న పల్లపునేలలు నివాసమునకు అనువైనవి. ఆ నేలమీద హైదరాబాదు రాజ్యమునుండి వలసవచ్చిన తెలుగు కూలివారును, కట్టడపు పనివారును గుడిసెలు వేసికొని నిలిచిరి. స్థానికులు వారిని కామాఠీలనిరి. పేటకు వారి పేరే వచ్చెను. తరువాతి కాలమున ఆ పేట వేరొక విధముగా ప్రసిద్ధికెక్కుటచేత, నగరపు రాళ్లు మోసినవారి పేరు అది యని నేడు చాలమందికి తట్టదు.

కామాఠిపురకు అనతిదూరముననే బైకుల్లాలో నగర అగ్నిమాపక దళపు ప్రధాన కార్యాలయము కలదు. బొంబాయికి అగ్నిభయము క్రొత్తది కాదు. 1803 ఫిబ్రవరిలో కోటలో పుట్టిన నిప్పు కోటలోని పట్టణమున సుమారు మూడవ వంతును దహించెను. 19వ శతాబ్ది నడుమ పోలీసువారి చేతిక్రింద గుఱ్ఱపు బండ్లతో ఆరంభమైన అగ్నిమాపక కార్యము, ఆ శతాబ్ది ఎనుబదుల చివర మునిసిపాలిటీ అధీనమునకు వచ్చి, పూర్తికాలపు ఉద్యోగుల దళమయ్యెను. ప్రత్తి గిడ్డంగులు, కలప కొట్లు, ధాన్యపు మండీలు, ఒకదానిపై నొకటి పేర్చినట్లున్న ‘చాళ్లు’ — ఇవన్నియు రేవు ననుసరించి పెరిగిన నగరములో అట్టి దళము లేక గడవదు.

1944 ఏప్రిల్ 14న ఆ రేవులో జరిగిన విస్ఫోటము భారతదేశపు అగ్నిమాపక చరిత్రలో పెద్ద గుర్తు. ఆనాడు మరణించిన 66 మంది అగ్నిమాపకుల స్మృత్యర్థము ఏటేట ఏప్రిల్ 14వ తేదీ అగ్నిమాపక దినముగను, ఆనాటినుండి 20వ తేదీ వరకు అగ్నిమాపక వారముగను దేశమంతట జరుపబడుచున్నది. ఆ సభలలో వారి సాహసము కొనియాడబడును. అది న్యాయమే. కాని సాహసమును మాత్రమే చెప్పి విడిచినచో, ఆ మరణములలో ఎన్ని తప్పించుకొనదగినవో అన్న ప్రశ్న మఱుగుపడిపోవును. అగ్నిమాపక శిక్షణలో దళనిర్మాణము, రక్షణ, వార్తాప్రసారము అని మూడు భాగములు చెప్పుదురు. ఈ మూడింటిలో చివరిది చెడినచో మొదటి రెండును చెడునని బొంబాయి రేవు నిరూపించినంత స్పష్టముగా మఱి యే సంఘటనయు నిరూపించియుండదు.

ఆ ఓడ పేరు ఫోర్ట్ స్టైకిన్. 1942లో కెనడాలో కట్టబడినది, 7,142 టన్నులది. 1944 ఫిబ్రవరి 24న ఇంగ్లండులోని బర్కెన్‌హెడ్ నుండి బయలుదేరి జిబ్రాల్టరు, పోర్ట్ సయ్యద్, కరాచీల మీదుగా ఏప్రిల్ 12న బొంబాయి చేరి విక్టోరియా డాక్కులో నిలిచెను. అందులో 1,395 టన్నుల యుద్ధసామగ్రి యుండెను. దానిలో 238 టన్నులు మిక్కిలి సున్నితమైన ‘ఏ’ తరగతి ప్రేలుడు పదార్థములు. యుద్ధవిమానములును, 31 పెట్టెలలో సుమారు 8,90,000 పౌన్ల వెలగల బంగారు కడ్డీలును గూడ నుండెను. కరాచీలో కొంత సరకు దించగా ఖాళీపడిన చోట ప్రత్తి బేళ్లు, కందెన నూనె పీపాలు, కలప, ఇనుప తుక్కు ఎక్కించిరి. ప్రత్తి బేళ్లే 8,700. కప్తాను అలెగ్జాండర్ నైస్మిత్‌కు ఈ కూర్పు నచ్చలేదని చెప్పుదురు. కాని యుద్ధకాలమున ఓడలో చోటు ఖాళీగా ఉంచుటకు వీలులేదు. రెండవ నంబరు సరకుగదిలో అడుగున ప్రత్తియు, దానిపై అంతస్తులో ప్రేలుడు పదార్థములును చేరెను.

ప్రత్తికి ఒక గుణము కలదు. గట్టిగా అదిమి కట్టిన బేలులో నిప్పు పడినచో అది మంటలేకయే లోలోపల రగులుచుండును. పోగుల నడుమ చిక్కుకొన్న గాలియే దానికి చాలును. పైనుండి పోసిన నీరు పైపొరను తడిపి జారిపోవును. ఆరినదనుకొన్న బేలు గంటల తరువాత మరల అంటుకొనును. నూనె తాకిన ప్రత్తి తనంత తాను వేడెక్కి అంటుకొనుటయు కలదు. షోలాపురపు మిల్లులలోను, భివండి మరమగ్గముల కొట్లలోను పనిచేసిన తెలుగు పద్మశాలీలకు ఈ సంగతి గ్రంథము చూచి నేర్వవలసినది కాదు. బేళ్లను విడదీసి బయటికి లాగి, ఒక్కొక్కదానిని విప్పి తడిపిననే గాని ప్రత్తి నిప్పు చావదు. అట్లు లాగుటకు రేవులో ఆ మధ్యాహ్నము వీలు లేకపోయెను.

శాంతికాలమున ప్రేలుడు సామగ్రి గల ఓడను డాక్కులోనికి రానీయరు. సరకును దూరముననే చిన్న పడవలలోనికి దింపుదురు. యుద్ధావసరముచేత ఆ నియమము సడలింపబడెను. అట్టి ఓడ ఎఱ్ఱజెండా ఎగురవేయుట మఱియొక ఆచారము. ఫోర్ట్ స్టైకిన్ మీద ఆ జెండా లేదు. మూడవ సంగతి ఇంకను చిన్నది. రెండవ నంబరు గదినుండి సన్నని పొగ వచ్చుచుండుటను మధ్యాహ్న భోజనవేళలోనే సమీపపు ఓడలవారు చూచిరని తరువాతి వృత్తాంతములు చెప్పుచున్నవి. చూచినవారెవరును ఎవరికిని చెప్పలేదు. ఓడమీదివారు చూచుకొనుచుందురని ప్రతివాడును అనుకొనెను. భోజనము ముగించి సరకుదించు కూలీలు మరల గదిలోనికి దిగబోయినపుడు గాని కేక పుట్టలేదు. అప్పటికి ఇంచుమించు రెండు గంటల వేళ.

నిప్పెట్లు పుట్టెనో నిశ్చయముగా తేలలేదు. ఎవరో పారవైచిన సిగరెట్టు అయియుండునని ఎక్కువమంది ఊహించిరి. శిక్షణకు సంబంధించినంతవరకు ఆ ప్రశ్న కంటె దాని తరువాతి రెండు గంటలే ముఖ్యమైనవి. ప్రేలుటకు ముందు రెండు గంటలకు పైగా వ్యవధి యుండెను. ఇట్టి విపత్తులలో అంత వ్యవధి దొరకుట అరుదు.

మొదట కొలది పంపులే వచ్చెను. ఓడలో నేమున్నదో తెలిసిన పిదప మఱికొన్నింటిని రప్పించిరి. అగ్నిమాపక దళాధిపతి నార్మన్ కూంబ్స్ స్వయముగా వచ్చెను. గొట్టములు సరకుగదిలోనికి వ్రేలాడదీసి నీరు వదలిరి. మొత్తముమీద 900 టన్నులకు మించిన నీరు ఆ గదిలో పడెను. అయినను నిప్పున్న చోటు కనబడలేదు. పొగ దట్టముగా నుండెను. నీరు కాగి ఆవిరులెత్తెను. ఓడ ప్రక్కరేకు ఒకచోట పైరంగు పొక్కి రాలునంత వేడెక్కెను. నిప్పు ఆ రేకు వెనుకనే యున్నదని అపుడు తెలిసెను. రేకును కోసి అక్కడినుండి నీరు కొట్టుటకు గ్యాసు కోతయంత్రమును తెప్పించిరి, అది పనిచేయలేదు. అంతలో గదిలో నిండిన నీటిమీద మండుచున్న ప్రత్తి తేలి, పైయంతస్తులోని ప్రేలుడు పదార్థములకు మఱింత చేరువయ్యెను. నిప్పును ఆర్పుటకు పోసిన నీరే నిప్పును మోసికొనిపోయి మందుగుండుకు అందించినట్లయ్యెను.

ఇచ్చట శిక్షణలోని మొదటి పాఠమును చెప్పుకొనక తప్పదు. నిప్పుకు ఇంధనము, వేడి, ప్రాణవాయువు మూడును కావలెను. ఏ యొక్కటి తీసివేసినను అది ఆరును. నీటితో చల్లార్చుట, గాలి తగులకుండ కప్పుట, ఇంధనమును తొలగించుట అని మూడు పద్ధతులు. పాఠశాల పిల్లలకు చెప్పదగినంత సులభమైన విషయమిది. కాని ఏ పద్ధతి పనికివచ్చునో తెలియవలెనన్న ముందు మండుచున్నదేమో తెలియవలెను, దాని ప్రక్కన ఏమున్నదో తెలియవలెను. ఆ తెలివి నీటిగొట్టములో రాదు. ఓడ కాగితములలో నుండును, సరకు పట్టీలో నుండును, కప్తాను నోట నుండును. అది గట్టుమీద నిలిచిన దళనాయకుని చెవికి మొదటి నిమిషమున చేరవలెను. కొలదిపాటి పంపులతో వచ్చిన మొదటి బండివానికి ఆ సంగతి ముందుగా తెలిసియుండిన ఎట్లుండెడిదో ఊహించుటయే గాని చెప్పజాలము.

తెలిసిన పిదప జరిగినది ఇంకను విచారకరము. సైనిక ఆయుధశాఖకు చెందిన కెప్టెన్ ఓబర్స్ట్ సరకుపట్టీ చూచి, ఈ ఓడ ప్రేలినచో డాక్కులన్నియు ఎగిరిపోవునని చెప్పెను. ఓడను ముంచివేయవలెనని ఆయన సలహా. డాక్కులోని నీటిలోతు అందుకు చాలదని ఒక అభ్యంతరము వచ్చెను. రేవు అధికారులలో కొందఱు ఓడను బయటి సముద్రములోనికి లాగుకొనిపోవుట మేలనిరి. ఓడ యంత్రములు మరమ్మతులో నుండెను, తనంత కదలలేదు. లాగుచుండగా నడిమార్గమున ప్రేలినచో నేమగును? ఓడ కప్తానుది, డాక్కు పోర్టుట్రస్టుది, సరకు ప్రభుత్వముది, నిప్పు అగ్నిమాపక దళముది. నలుగురును పెద్దలే, నలుగురికిని ఎవరి పరిధి వారికి కలదు. కాని నలుగురి మాట విని ఒక నిర్ణయము చేసి, దానిని తక్కినవారిచేత పాటింపజేయు అధికారము గలవాడు ఆ గట్టుమీద లేడు. కప్తానునకు ఓడను ముంచుటకు ఆజ్ఞ రాలేదు, కూంబ్స్‌కు ఆర్పుము అన్న పని తప్ప వేరు పని ఎవరును చెప్పలేదు, ఆయన ఆర్పుచుండెను. ప్రక్క ఓడలలోను గిడ్డంగులలోను పనులు మామూలుగనే సాగుచుండెను. రేవులోని వేలకొలది జనులను దూరముగా పంపివేయుటకు రెండు గంటల కాలము చాలియుండెడిది. ఆ పని ఎవరికిని అప్పగింపబడలేదు గనుక ఎవరును చేయలేదు.

మూడు గంటల ఏబది నిమిషములకు మంట సరకుగది నోటినుండి పైకెగసెను. ఓడను విడువుడని ఆజ్ఞ పుట్టెను. 16 నిమిషముల తరువాత, 4 గంటల 6 నిమిషములకు, ఫోర్ట్ స్టైకిన్ రెండుగా చీలి ప్రేలెను. 12 కిలోమీటర్ల దూరమున కిటికీ అద్దములు పగిలెను. సుమారు 1,400 కిలోమీటర్ల దూరమున నున్న సిమ్లాలోని భూకంపమాపక యంత్రము ఆ అదురును గుర్తించెను. 4 గంటల 34 నిమిషములకు రెండవ ప్రేలుడు. ఓడ దిగి గట్టుమీదనే నిలిచియుండిన అగ్నిమాపకులలో అనేకులు మొదటి ప్రేలుడుతోనే పోయిరి. జలపద్మ అను ఓడను కెరటమెత్తి దాని వెనుకభాగమును గట్టుమీది షెడ్డుపై పడవైచెను. (ఆ ‘జల’ పేరిటి ఓడలు సింధియా కంపెనీవి, 1941లో విశాఖపట్టణమున ఓడల కర్మాగారమునకు పునాది వేయించినదియు ఆ కంపెనీయే. స్వతంత్ర భారతమున తెలుగు తీరమున నీటదిగిన మొదటి పెద్ద ఓడకు గూడ 1948లో జల ఉష అనియే పేరు పెట్టిరి.)

మండుచున్న ప్రత్తి బేళ్లు ఆకాశమునుండి నగరముమీద వర్షించెను. మాండవీ, మస్జిద్ బందరు ప్రాంతముల గిడ్డంగులు అంటుకొని వేల టన్నుల ధాన్యము బూడిదయ్యెను. అది బంగాళపు కఱవు ముగిసి ముగియని కాలమని గుర్తుంచుకొనవలెను. పదుమూడు ఓడలు నష్టమయ్యెను. మృతుల లెక్క నేటికిని ఏకముగా లేదు: అధికారికముగా ఏడువందలకు పైగా చెప్పబడినది, ఇతరుల అంచనాలు 1,300 వరకు పోవును. సుమారు 80,000 మంది ఇండ్లు లేనివారైరి. బర్జోర్జీ మోతీవాలా అను పారశీక వృద్ధుని ఇంటిమీద ఒక బంగారు కడ్డీ వచ్చి పడెననియు, ఆయన దానిని ప్రభుత్వమునకు అప్పగించి బహుమానమును బాధితుల నిధికే ఇచ్చెననియు ప్రసిద్ధము. నగరము ఈ కథను ప్రీతితో చెప్పుకొనును. అట్టి నాడు ఒక్క మంచి కథయైనను కావలెను గదా. ప్రధానమైన మంటలు అదుపులోనికి వచ్చుటకు మూడు దినములు పట్టెను. ఐదు లక్షల టన్నుల శిథిలములను తొలగించి రేవును మరల నడపుటకు సుమారు ఏడు నెలలు పట్టెను.

ఇక వార్త సంగతి. జపానువారు బాంబులు వేసిరని నగరములో వదంతి ప్రాకెను. ఆ వేళకు అది నమ్మదగని మాట కాదు. 1942లో విశాఖపట్టణము, కాకినాడలమీద జపాను బాంబులు పడియే యుండెను. ప్రభుత్వము వార్తలను నిషేధించెను. మరునాడే జపానువారి అధీనమందలి సైగాను రేడియో విస్ఫోటమును వివరముగా ప్రకటించెను. బ్రిటిషు ప్రభుత్వము మాత్రము మే నెల రెండవ వారమునకు గాని వార్తను విడుదల చేయలేదు. బొంబాయి కూలికి తన వీథిలో నేమి జరిగినదో శత్రురేడియో చెప్పవలసివచ్చెను. శత్రువు చెవిన పడకుండ దాచవలసిన సంగతి వేరు, వీథిలోని మనుష్యుడు ప్రాణము దక్కించుకొనుటకు వినవలసిన సంగతి వేరు. ఏ వైపునకు పరుగెత్తవలెను, ఏ వీథి మూయబడినది, గాయపడినవారిని ఎచ్చటికి కొనిపోవలెను — ఇవి రాజ్యరహస్యములు కావు. మరాఠీ, గుజరాతీ, ఉర్దూ, తెలుగు, తమిళము, కన్నడము ఒకే వీథిలో వినబడు నగరమున ఆ మాటలు ఎన్ని భాషలలో చెప్పవలసియుండెనో ఆలోచింపదగినది.

బొంబాయి ఒక్కటే ఇట్టి పొరపాటునకు లోనైనదని తలపరాదు. 1917 డిసెంబరు 6న కెనడాలోని హాలిఫాక్సు రేవులో మోంట్ బ్లాంక్ అను మందుగుండు ఓడ మఱియొక ఓడను ఒరసుకొని అంటుకొని ప్రేలెను. ఎఱ్ఱజెండా దానిపైనను లేదు; జలాంతర్గాములు గుర్తించునన్న భయముతో ఎగురవేయలేదు. జనులు మంటను చూచుటకు కిటికీలవద్ద గుమిగూడిరి. నగర అగ్నిమాపక దళాధిపతితో సహా 9 మంది అగ్నిమాపకులు మరణించిరి. రైల్వే తంతివాడు విన్సెంట్ కోల్మన్ మాత్రము, ఓడలో నేమున్నదో తెలిసి, పారిపోక నిలిచి, రైళ్లను ఆపుడని తంతి కొట్టి తాను మరణించెను. బొంబాయి తరువాత మూడేండ్లకు, 1947 ఏప్రిల్ 16న, అమెరికాలోని టెక్సాస్ సిటీ రేవులో గ్రాండ్‌కాంప్ అను ఓడలో అమోనియం నైట్రేటు ఎరువు అంటుకొనెను. సరకు చెడునని నీరు కొట్టనీయక, గది మూతలు మూసి లోపలికి ఆవిరి పంపిరి. గాలిని అరికట్టినచో నిప్పు ఆరునన్న పాఠము నిజమే. కాని ఆ ఎరువు తన ప్రాణవాయువును తనలోనే దాచుకొన్న పదార్థము. ఊరి స్వచ్ఛంద అగ్నిమాపక దళములో 27 మంది ఒక్క నిమిషమున పోయిరి. ధైర్యవంతులైన మనుష్యులు, కావలసినంత నీరు, తెలియని సరకు: మూడు రేవులలోను ఇదే కూర్పు.

స్వాతంత్ర్యానంతరము మనదేశమున అగ్నిమాపక శిక్షణ ఒక పద్ధతికి వచ్చెను. జాతీయ అగ్నిమాపక కళాశాల 1956లో రాంపూరులో ప్రారంభమై 1957లో నాగపూరుకు మారెను. ఇచ్చట నేర్పు విద్యలో శరీరశ్రమ చాలయున్నది: గొట్టము విప్పుట, చుట్టుట, నిచ్చెన నిలుపుట, పొగగదిలో ప్రాకుట, మనుష్యుని భుజముమీద వేసికొని దిగుట. చూచువారికి ఇదియే అగ్నిమాపక విద్య అనిపించును. కాని ఈ కసరత్తుల అంతరార్థము వేరొకటి కలదు. గొట్టమును నలుగురు పట్టినపుడు ఎవడు ఏ స్థానమున నిలువవలెనో, ఎవని కేక విని నీరు వదలవలెనో, ఎవని సైగతో ఆపవలెనో నిర్ణయమై యుండును. పంపువాడు ముక్కుగొట్టమువద్ద నున్నవానిని చూడలేడు. మధ్యనున్న మాటయే వారిద్దరినీ కలుపును. పొగలోనికి ఒంటరిగా పోరాదు, జంటగా పోవలెను. పోయినవారి పేరును, పోయిన వేళయు బయట ఒకడు వ్రాసికొనవలెను. శ్వాసపరికరములోని గాలి ఎంతసేపు వచ్చునో అతడు లెక్కించుచుండవలెను. భవనము కూలనున్నదన్నపుడు విడువకుండ ఊదు పొట్టి ఈలలు విన్నంతనే, చేతిలోని పనిని మధ్యలో విడిచి వెలికి రావలెను. ఆ ఈల అర్థము ముందుగా నేర్పబడియుండనిచో అది వట్టి చప్పుడే.

దళనిర్మాణమున గూడ నాటి గట్టుమీది లోపమునకు తరువాతి కాలము విరుగుడు వెదకెను. 1970లో కాలిఫోర్నియాలో వచ్చిన కార్చిచ్చులలో అనేక దళములు కలిసి పనిచేయబోయి, ఒకరి మాట ఒకరికి తెలియక, ఒకరి రేడియో ఒకరికి అందక తికమకపడినవి. ఆ అనుభవమునుండి పుట్టిన పద్ధతిలో సంఘటనాస్థలమున ఒకే నాయకుడు ఉండును. ఎన్ని శాఖలవారు వచ్చినను ఆయన క్రింద స్థానములు పొందుదురు. ఒక్కొక్క నాయకుని చేతిక్రింద ముగ్గురు మొదలు ఏడుగురివరకే యుండవలెను, ఐదుగురు మేలు. రక్షణను మాత్రమే కనిపెట్టుచు, అవసరమైన పనినాపగల అధికారి ఒకడు వేఱుగా నుండును. మన జాతీయ విపత్తు నిర్వహణ సంస్థ 2010లో ఈ పద్ధతిని భారత పరిపాలనకు అనువుగా మార్చి మార్గదర్శకములను ప్రకటించెను. ఇందులో భాషోపాధ్యాయులకు ప్రీతి కలిగించు నియమము ఒకటున్నది: ఒక్కొక్క శాఖవాడు తన సంకేతాక్షరములతో మాట్లాడరాదు, అందఱికిని అర్థమగు తేటమాటలు వాడవలెను. విన్నవాడు విన్నదానిని తిరిగి చెప్పవలెను. చెప్పినవాడు అవునన్న పిదపనే ఆ మాట చేరినట్లు.

ఈ నియమము దళమునకే గాక వీథికిని వర్తించును. వార్త దళముచెంత మొదలు కాదు. పొగ చూచిన మొదటివానియొద్ద మొదలగును. విక్టోరియా డాక్కులో ఆ మొదటివాడు మాట్లాడలేదు. 101 సంఖ్యకు ఫోను చేయువాడు తడబాటులో పేరును, భయమును, కారణమును చెప్పును గాని చోటు చెప్పుట మఱచును. చోటు ముందు, పిదప మండుచున్నదేమో, లోపల మనుష్యులున్నారో లేదో, గ్యాసు సిలిండర్లు, రసాయనములు, నూనె పీపాలు ప్రక్కనున్నవో లేవో చెప్పవలెను, అవతలివాడు చాలుననువరకు ఫోను పెట్టివేయరాదు. ఇది వాక్యరచనాభ్యాసమే. ఉత్తరము వ్రాయుట నేర్పు తరగతిలోనే దీనిని నేర్పవచ్చును. పరభాషా ప్రాంతమున బ్రదుకు తెలుగువానికి ఇందు ఒక చిక్కు అదనముగా నున్నది. ఇంటిలో తెలుగు, వీథిలో హిందీ, కార్యాలయమున మరాఠీ మాట్లాడువాడు ప్రాణభయమున నోరు తెఱచినపుడు మొదట వచ్చునది తల్లిభాషయే. కావున చిరునామాయు, ప్రమాదమును తెలుపు పది పండ్రెండు మాటలును స్థానిక భాషలో కంఠస్థము చేయించుట మన పాఠశాలల పని. మన పేటలలో అగ్నిమాపక వారపు కరపత్రములు తెలుగులో వేయించుట మన సంఘముల పని. భివండిలో మరమగ్గముల కొట్టుపైననే నిద్రించు పనివానికి, క్రింద నూలు రగిలినచో ఏ మెట్లమీదుగా దిగవలెనో అతని భాషలో ఒకసారి చెప్పుట ఏ ప్రశంసాపత్రము కంటెను విలువైనది.

తెలుగునాటను ఈ సంగతి ఋజువైనది. 1997 సెప్టెంబరు 14న విశాఖపట్టణపు చమురుశుద్ధి కర్మాగారమున గ్యాసు అంటుకొని ఏబదిమందికి పైగా మరణించినపుడు, ఏ దిక్కునకు పోవలెనో తెలియని జనులు వేలకొలదిగా నగరమును విడిచి పరుగెత్తిరి.

ఫోర్ట్ స్టైకిన్ మీద లేని ఎఱ్ఱజెండాకు వారసులనదగినవి నేడు రహదారులమీద తిరుగుచున్నవి. 1989 నాటి కేంద్ర మోటారు వాహనముల నియమముల ప్రకారము ప్రమాదకరమైన సరకును మోయు ప్రతి లారీయు, ట్యాంకరును అత్యవసర సమాచార ఫలకమును కలిగియుండవలెను. అందు సరకు పేరు, దానికి ఐక్యరాజ్యసమితి ఏర్పాటుచేసిన నాలుగంకెల సంఖ్య, ప్రమాదవర్గపు గుర్తు, సహాయమునకు పిలువవలసిన ఫోను సంఖ్య వ్రాయబడియుండును. 1203 అనిన పెట్రోలు. 1075 అనిన వంటగ్యాసు. ఏ భాషవాడు చదివినను అంకె ఒక్కటే. అట్టి బండిని నడుపువానికి ఆంగ్లముతోబాటు రాజ్యాంగపు ఎనిమిదవ షెడ్యూలులోని భాషలలో ఒకటి చదువను వ్రాయను రావలెననియు ఆ నియమములు విధించుచున్నవి. ఆ భాషలలో తెలుగు ఒకటి గనుక, బొంబాయి రేవునుండి షోలాపురము మీదుగా హైదరాబాదు పోవు ట్యాంకరు డ్రైవరు తన సరకు పత్రమును తెలుగులో చదివికొనుటకు చట్టమున అభ్యంతరమేమియు లేదు. ఆ పత్రమును తెలుగులో అచ్చువేసి అతని చేతికి ఇచ్చు ఏర్పాటే కావలెను.